అంగడి తెరిచే ముందు: బెంగళూరు పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ విడత బెంగళూరు నుంచి వచ్చిన ఉత్తరాల్లో తిండి వ్యాపారం గురించినవే ఎక్కువ. అందుకే మొదటి రెండు జవాబులు పొడుగయ్యాయి. లెక్కల్లో వేసిన అద్దెలు, జీతాలు, ధరలు ఉదాహరణకు మాత్రమే. మీ వీధి అంకెలు వేసుకొని మళ్లీ కట్టుకోండి.

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మారతహళ్లి దగ్గర ఎనిమిదేళ్లుగా ఉంటున్నాం. నేనూ మా ఆవిడా కలిసి ఆంధ్రా టిఫిన్లు, కర్రీ పాయింట్ పెట్టాలని ఆలోచన. చేతిలో 12 లక్షలున్నాయి. ఒక షాపు చూశాం. అద్దె 45 వేలు, ఓనరు పది నెలల అడ్వాన్సు అడుగుతున్నాడు. ఇచ్చేయొచ్చా? రోజుకు ఎంత అమ్మితే గట్టెక్కుతాం?
(ఒక పాఠకుడు, మున్నెకొళాల)

జవాబు: అడ్వాన్సు ఇప్పుడే ఇవ్వకండి. ముందు ఆ 12 లక్షలు ఎటెటు పోతాయో చూడండి. అడ్వాన్సు నాలుగున్నర లక్షలు. కొత్త సామాను, అంటే మూడు బర్నర్ల హోటల్ పొయ్యి, టిల్టింగ్ గ్రైండరు, స్టీలు టేబుళ్లు, రెండు తొట్ల సింకు, ఫ్రిజ్, కూరలు వేడిగా నిలిపే బేన్‌మేరీ, అన్నీ కలిపి మూడున్నర లక్షలు అనుకుందాం. పొగగొట్టం, కరెంటు, ప్లంబింగ్, రంగులకు లక్షన్నర. లైసెన్సులు, గ్యాస్ డిపాజిట్, మొదటి సరుకుకు 70 వేలు. మొత్తం 10 లక్షల 20 వేలు. మిగిలేది లక్షా 80 వేలు.

ఇప్పుడు నెల ఖర్చు. అద్దె 45 వేలు. వంట మాస్టరు 28 వేలు, ఇద్దరు హెల్పర్లు, కౌంటరు మనిషి తలా 16 వేలు, కలిపి జీతాలు 76 వేలు. పనివాళ్లకు ఇక్కడ గదీ తిండీ మనమే చూడాలి, దానికి 12 వేలు. కరెంటు, నీళ్లు 14 వేలు. రిపేర్లు, శుభ్రం, చిల్లర మల్లర 8 వేలు. ఒక్క ఇడ్లీ అమ్మకపోయినా నెలకు లక్షా 55 వేలు కట్టాల్సిందే. అంటే మీ చేతిలో మిగిలిన డబ్బు 35 రోజులకు సరిపోతుంది. కొత్త అంగడి సంగతి పక్క వీధికి తెలియడానికే అంత పడుతుంది. వంట బాగుండీ మూతపడిన అంగళ్లలో చాలావాటి కథ ఇదే. రుచి కుదిరే వేళకు అద్దెకు డబ్బుండదు.

కాబట్టి మీ లక్ష్యం షాపు తెరవడం కాదు, తెరిచాక కనీసం మూడు నెలల కదలని ఖర్చు, అంటే 4 లక్షల 65 వేలు, బ్యాంకులో మిగలడం. పది నెలల అడ్వాన్సును ఆరు నెలలకు దింపించండి (2.7 లక్షలు). ఓనరు ఒప్పుకోకపోతే అద్దె వెయ్యి రెండు వేలు పెంచి అయినా అడ్వాన్సు తగ్గించుకోవడం మీకు లాభం. స్టీలు టేబుళ్లు, సింకు, పొయ్యి, గిన్నెలు మూతపడిన హోటళ్ల సామానులో కొనండి, స్టీలు పాతబడితే వచ్చే నష్టం లేదు. గ్రైండరు, ఫ్రిజ్ మాత్రం కొత్తవే కొనండి. పాత గ్రైండరు మోటారు ఏ శనివారం రాత్రో పోతుంది, ఆదివారం అమ్మకం దానితో పోతుంది. సామాను 2.2 లక్షల్లో, మిగతా పనులు 1.2 లక్షల్లో ముగిస్తే, లైసెన్సులు, సరుకు కలిపి మొత్తం 6.8 లక్షలు. చేతిలో 5.2 లక్షలు ఉంటాయి. ఆ లెక్క కుదరకపోతే ఆ షాపు మీది కాదని వదిలేయండి.

ఇక ఎంత అమ్మాలి? సగటు బిల్లు 80 రూపాయలు అనుకోండి. అందులో సరుకు 30, గ్యాస్ 5, ప్యాకింగ్ 4, మిగిలి పారబోసేది 5. పోను మిగిలేది 36. లక్షా 55 వేలను 36తో భాగిస్తే నెలకు సుమారు 4,300 బిల్లులు. నెలకు 26 రోజులు తెరిస్తే రోజుకు 166. ఇది నష్టం లేకుండా నిలబడటానికి మాత్రమే. మీ ఇద్దరి కష్టానికి నెలకు 40 వేలు తీసుకోవాలంటే రోజుకు 208 బిల్లులు కావాలి. చాలామంది తమ జీతం లెక్కలో వేసుకోరు. ఏడాది పోయాక ‘లాభం వస్తోంది కానీ ఇంట్లో డబ్బుల్లేవు’ అంటారు. ఆ లాభం వాళ్ల కూలీయే.

208 బిల్లులంటే ఏడాదికి 52 లక్షల అమ్మకం. ఇక్కడ రెండు సంగతులు. ఒకటి, హోటల్ సేవ కింద లెక్క, సేవలకు జీఎస్టీ పరిమితి 20 లక్షలు కాబట్టి రిజిస్ట్రేషన్ తప్పదు, హోటల్ భోజనానికి పన్ను 5 శాతం. బోర్డు మీద 80 అని రాసి అందులోనే పన్ను కలిపితే మీ 36లో 3 రూపాయల 80 పైసలు పోయినట్టే. ధరలు రాయించే ముందే ఇది తేల్చుకోండి. రెండు, వంద రూపాయల ఫీజుతో వచ్చే ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) ప్రాథమిక రిజిస్ట్రేషన్ చిన్న అమ్మకాలకే. ఏడాది అమ్మకానికి ఆ పరిమితి ఎంతో దరఖాస్తు చేసే రోజున పోర్టల్‌లో చూసుకోండి. మీ 52 లక్షలు దాన్ని దాటితే రాష్ట్ర లైసెన్సు తీసుకోవాలి. ఇవి కాక ట్రేడ్ లైసెన్సు. 2025 సెప్టెంబరులో బీబీఎంపీ (పాత నగర పాలక సంస్థ) పోయి గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద అయిదు నగర పాలికలు వచ్చాయి, మీ వీధి దేని కిందికి వచ్చిందో చూసుకొని దరఖాస్తు పెట్టండి. తెరిచిన 30 రోజుల్లో షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద నమోదు చేయించాలి. గ్యాస్ 19 కిలోల కమర్షియల్ సిలిండరే వాడాలి. ఇంటి 14.2 కిలోల ఎర్ర బండ అంగట్లో కనబడితే కేసే.

డెలివరీ యాప్‌ల సంగతి రాయలేదు కానీ అడుగుతారని తెలుసు. కమిషన్ 25 శాతం అనుకుంటే 80 మీద 20, ఆ కమిషన్ మీద 18 శాతం జీఎస్టీ 3.60. మీకు మిగిలే 36లో 23.60 పోయి 12.40 చేతికొస్తుంది. ఒక్క ప్లేటు ఇడ్లీ యాప్‌లో అమ్మడం దండగ. 200 పైబడిన కాంబోలు మాత్రమే పెట్టండి: అన్నం, పప్పు, రెండు కూరలు, పెరుగు.

షాపు విషయంలో ఇవి చూడందే సంతకం పెట్టొద్దు. బెస్కాం (ఇక్కడి కరెంటు సంస్థ) బిల్లు తీసుకొని అది ఎల్‌టీ-3 వాణిజ్య కనెక్షనా, మంజూరైన లోడు ఎన్ని కిలోవాట్లు అని చదవండి. లోడు చాలకపోతే గ్రైండరు, ఫ్రిజ్ ఒకేసారి నడవవు. పొగగొట్టం పైకప్పు దాటి పోయే దారి ఉందా? పై అంతస్తులో కాపురాలుంటే మన తాలింపు ఘాటుకు రెండో వారంలోనే గొడవ మొదలవుతుంది. ఓనరు ఒప్పుకున్నాడని నోటిమాట చాలదు, గొట్టం ఏ గోడ వెంట పోతుందో అగ్రిమెంటులో రాయించండి. నీళ్లకు కావేరి కనెక్షన్ ఉందా, బోరా, ట్యాంకరా? 2024 వేసవిలో ఈ తూర్పు బెంగళూరు పేటల్లో బోర్లు ఎండి, అంతా ట్యాంకర్ల మీద పడ్డారు. అగ్రిమెంటులో మీరు రెండు నెలల నోటీసుతో ఖాళీ చేసే హక్కు, అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, పెయింటింగ్ పేరిట ఎంత కోస్తారు అనేవి అంకెలతో ఉండాలి.

షాపు ముందు మనుషుల్ని లెక్కపెట్టడానికి ఒక మంగళవారం, ఒక శనివారం ఉదయం 7 నుంచి 10, మధ్యాహ్నం 12.30 నుంచి 2.30, రాత్రి 7 నుంచి 10 అక్కడ నిలబడండి. దారిన పోయేవాళ్లను కాదు, పక్క టిఫిన్ సెంటర్లలో డబ్బు తీసేవాళ్లను లెక్కపెట్టండి. ఐటీ పార్కుల పక్కన శనాదివారాలు వెలవెలబోతాయి. పీజీ హాస్టళ్ల పక్కన దానికి తలకిందులు: రోజూ లోపలే తింటారు, ఆదివారం రాత్రి మెస్సుకు సెలవైతే మీ దగ్గరకొస్తారు.

ఇంకొక్కటి, పిండి. మన వైపు ఎనిమిది గంటల్లో పొంగే ఇడ్లీ పిండి డిసెంబరు బెంగళూరు చలికి 12 నుంచి 14 గంటలు తీసుకుంటుంది. రాత్రి పదికి రుబ్బి ఉదయం ఆరుకి ఇడ్లీ వేద్దామంటే రాళ్లే. చలికాలం సాయంత్రం నాలుగు, అయిదుకే రుబ్బాలి, నిన్నటి పిండి ఒక గరిటె కలపాలి, పొయ్యి పక్క గోడకు డబ్బాలు పెట్టాలి. ఈ ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది కాబట్టి నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, మామూలు గిన్నెలో పప్పు కాస్త ఆలస్యంగా ఉడుకుతుంది. ఇవన్నీ తెరవకముందు ఇంట్లో పది కిలోల పిండితో నాలుగుసార్లు చేసి చూసుకోండి. గరిటెలు కూడా కొలతవే కొనండి. వడ్డించే చేయి పది శాతం ఉదారంగా ఉంటే బిల్లుకు 3 రూపాయలు, నెలకు 16 వేల పైచిలుకు. ఒక హెల్పరు జీతం సాంబారులో కలిసిపోయినట్టు.

ప్రశ్న: మా అత్తగారు పెట్టే ఆవకాయ, గోంగూర, కందిపొడి, పల్లీల పొడి వాట్సాప్‌లో అమ్ముతున్నాను. అపార్ట్‌మెంట్ వాళ్లు మొదలుపెట్టి ఇప్పుడు హైదరాబాద్, చెన్నై నుంచి కూడా అడుగుతున్నారు. నెలకు 60 వేల దాకా అమ్మకం. అనుమతులు ఏం కావాలి? కొన్ని ప్యాకెట్లు దారిలో కారిపోయి డబ్బులు తిరిగిచ్చాను.
(ఒక గృహిణి, కె.ఆర్.పురం)

జవాబు: ఇంటి వంటకూ ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ కావాలమ్మా. మీ అమ్మకం ఏడాదికి 7.2 లక్షలు కాబట్టి వంద రూపాయల ప్రాథమిక రిజిస్ట్రేషన్ సరిపోతుంది, ఆ సంస్థ ఫాస్కాస్ పోర్టల్‌లో మీరే చేసుకోవచ్చు. ఏజెంటుకు మూడు వేలు ఇవ్వక్కర్లేదు.

మీరు గమనించని చిక్కు జీఎస్టీ. సరుకు అమ్మేవాళ్లకు కర్ణాటకలో 40 లక్షల దాకా మినహాయింపు ఉంది కదా అని ఊరుకుంటారు. అది రాష్ట్రం లోపల అమ్మినప్పుడే. బెంగళూరు నుంచి హైదరాబాద్‌కు ఒక సీసా పచ్చడి అమ్మినా అది అంతర్రాష్ట్ర సరఫరా, మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కాంపోజిషన్ పథకంలో (చిన్న వ్యాపారులు అమ్మకం మీద కొద్ది శాతం పన్ను కట్టి సరిపెట్టుకునే పద్ధతి) ఉంటే రాష్ట్రం దాటి అమ్మకూడదు కూడా. కాబట్టి రెండింట్లో ఒకటి తేల్చుకోండి: బెంగళూరుకే పరిమితమై నెలకు 60 వేలను లక్షన్నర చేయడం, లేదా జీఎస్టీ తీసుకొని నెలనెలా రిటర్నుల ఖర్చు ధరలో కలిపి బయటికి పంపడం. మా మాట అడిగితే, ఏడాది పాటు మొదటిదే మేలు. ఈ ఊళ్లో తెలుగువాళ్లున్న అపార్ట్‌మెంట్లు మీరింకా సగం కూడా చూసి ఉండరు.

కారిపోవడానికి కారణం కొరియరు వాడు కాకపోవచ్చు. ఆవకాయ కలిపిన మూడో రోజు తిరగకలుపుతాం కదా, అప్పటిదాకా ముక్క ఊట వదులుతూనే ఉంటుంది. ఆర్డరు వచ్చిందని కలిపిన రోజో మర్నాడో ప్యాక్ చేస్తే లోపల ఊట పెరిగి, గాలి పుట్టి, మూత మీదికి తోస్తుంది. తిరగకలిపి, నూనె పైకి తేలాక, వారం ఆగి సీసాల్లోకి ఎత్తండి. అంచు దాకా నింపకండి, వేలెడు ఖాళీ ఉంచండి. పౌచ్ వాడితే సీలు వేసే అంచుకు నూనె అంటకుండా గరాటు పెట్టి నింపాలి. నూనె తడి మీద సీలు అతికినట్టే ఉండి లారీ కుదుపుకు విడిపోతుంది. సీసాకైతే మూత కింద అల్యూమినియం రేకు సీలు వేయించండి. పొడులకు తడే శత్రువు. వేయించిన పప్పు పూర్తిగా చల్లారక ముందే దంచి డబ్బాలో పోస్తే ఆవిరి మూతకు పట్టి పదిహేను రోజుల్లో వాసన వస్తుంది.

అత్తగారి చేతి కొలతను తూకంలోకి మార్చండి. గిన్నెడు దంచిన కల్లుప్పు, గిన్నెడు ప్యాకెట్ ఉప్పు ఒకే బరువుండవు. గిన్నెతో కొలిస్తే ఒక విడత చప్పగా అయి బూజు పడుతుంది, ఇంకో విడత ఉప్పుకషాయమవుతుంది. ఆవిడ కలుపుతున్నప్పుడు పక్కన కాటా పెట్టుకొని ప్రతి గుప్పెడూ తూచి రాసుకోండి, మూడు విడతల సగటు తీయండి. ఆవిడ విసుక్కుంటారు, ఫర్వాలేదు. ప్రతి విడతకూ ఒక నంబరు వేసి, ఒక సీసా పక్కన దాచండి. ఎవరైనా ఫిర్యాదు చేస్తే తెరిచి చూడటానికి అదే సాక్ష్యం.

లేబుల్ మీద పేరు, దినుసులు (ఎక్కువ పరిమాణం నుంచి తక్కువకు), నికర బరువు, అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ ధర, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలి, బ్యాచ్ నంబరు, మీ చిరునామా, ఫిర్యాదులకు ఫోను, ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు, శాకాహార ఆకుపచ్చ చుక్క ఉండాలి. పల్లీల పొడి మీద ‘వేరుశనగ ఉంది’ అని అలర్జీ హెచ్చరిక వేరుగా రాయాలి. రేపు రొయ్యల పచ్చడి మొదలుపెడితే దానికి గోధుమరంగు చుక్క కాదు, గోధుమరంగు త్రికోణం. పాత డిజైన్లు పట్టుకొని ప్రింటర్లు ఇప్పటికీ చుక్కే వేస్తున్నారు, చూసుకోండి.

ధరలో కొరియరును బరువుతో కాక డబ్బా సైజుతో లెక్కేయండి. 25, 20, 20 సెంటీమీటర్ల డబ్బా అయితే మూడూ గుణించి 5,000తో భాగిస్తారు, 2 కిలోలు. లోపల ఉన్నది కిలో పచ్చడే అయినా రెండు కిలోలకు వసూలు చేస్తారు. చిన్న డబ్బా వెతకడమే ఇక్కడ మీ లాభం. పేరు నలుగురికీ తెలిశాక ట్రేడ్‌మార్క్ వేయండి. వ్యక్తులకు ఒక్కో తరగతికి ఆన్‌లైన్ ఫీజు 4,500. పచ్చళ్లు 29వ తరగతి, పొడులు 30వది, కాబట్టి రెండు ఫీజులు.

ప్రశ్న: మా బావ 10 లక్షలు పెడతాడు, నేను రోజంతా షాపులో ఉండి చూసుకోవాలి. ‘మన మధ్య కాగితాలెందుకురా’ అంటున్నాడు. మాదీ మాటకు కట్టుబడే కుటుంబమే.
(ఒక పాఠకుడు, బొమ్మనహళ్లి)

జవాబు: కాగితం లేకపోతే మీ మధ్య ఏమీ ఉండదనుకుంటున్నారు. ఉంటుంది, 1932 నాటి భాగస్వామ్య చట్టం ఉంటుంది. ఒప్పందం లేనప్పుడు అది ఏం చెబుతుందో వినండి. ఎవరెంత పెట్టినా లాభనష్టాలు సమానం. పనిచేసే భాగస్వామికి జీతం హక్కు లేదు. పెట్టుబడి మీద వడ్డీ లేదు. బావ వాటాకు మించి అప్పుగా ఇచ్చినదానికి మాత్రం ఏటా 6 శాతం. అంటే మీ పన్నెండు గంటల కష్టానికి రూపాయి రాదు, ఆయన 10 లక్షలకు ఎక్కువ వాటా రాదు. ఇద్దరికీ అన్యాయమే. పైగా ఒకరు చేసిన అప్పుకు రెండోవారి ఇల్లూ వాకిలీ కూడా బాధ్యత పడుతుంది, ఒకరు పోతే సంస్థ రద్దవుతుంది.

స్టాంపు పేపరు మీద డీడ్ రాసుకొని రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర నమోదు చేయించండి. నమోదు లేని ఫర్మ్, బాకీదారు మీద కోర్టుకెళ్లలేదు. డీడ్‌లో మీ నెల జీతం ఎంత, ఇంటి ఖర్చుకు ఎవరెంత తీసుకోవచ్చు, ఎంతకు మించిన చెక్కుకు ఇద్దరి సంతకాలు, ఒకరు తప్పుకుంటే విలువ ఎలా కడతారు, ఎన్ని వాయిదాల్లో ఇస్తారు, ఒకరు పోతే వారసుల సంగతేమిటి, ఇవన్నీ ఉండాలి. తప్పుకునే షరతులు ఇప్పుడే, ఇద్దరూ నవ్వుతూ కాఫీ తాగుతున్నప్పుడే రాసుకోండి. రేపు తేడా వస్తే మిగతా భాగస్వాముల్లా మొహం చాటేసే వీలు మీకు లేదు, ప్రతి పండక్కీ మీ అక్క మధ్యలో ఉంటుంది. బావ నొచ్చుకుంటాడనిపిస్తే మాట మీ మీద వేసుకోండి: ‘బావా, నా జీతం రాసి లేకపోతే మా ఆవిడ ఒప్పుకోదు’.

ప్రశ్న: బాణసవాడిలో కిరాణా కొట్టు. 2025లో యూపీఐ లెక్కలు చూసి చిన్న అంగళ్లకు జీఎస్టీ నోటీసులు వచ్చినప్పటి నుంచి భయంగా ఉంది. ‘క్యాష్ మాత్రమే’ అని బోర్డు పెట్టేయమంటున్నారు. ఏడాదికి 35 లక్షల దాకా తిరుగుతుంది.

జవాబు: ఆ జులైలో చాలా అంగళ్లలో క్యూఆర్ కోడ్‌లు పీకేసి ‘నో యూపీఐ’ అని కాగితాలు అంటించారు. దానివల్ల జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి మారదు. అమ్మకం అంటే నగదైనా యూపీఐ అయినా అమ్మకమే. బోర్డు పెడితే పోయేది గిరాకీ.

సరుకులు మాత్రమే, రాష్ట్రంలోనే అమ్మితే మీ పరిమితి 40 లక్షలు. పాలు, కూరగాయల్లాంటి పన్ను లేని సరుకుల అమ్మకం కూడా ఈ మొత్తంలో కలుస్తుంది, చాలామంది ఇక్కడే తప్పు లెక్కేస్తారు. మీ పాన్ మీద వేరే వ్యాపారం ఉంటే అదీ కలుపుతారు. మీరు ఇంకా లోపలే ఉన్నారు, కానీ అంచున ఉన్నారు. నెలనెలా అమ్మకం రాసుకొని, ఏప్రిల్ నుంచి కూడిక వేసుకుంటూ వెళ్లండి. దాటేలా ఉంటే ముందే కాంపోజిషన్‌లో చేరితే వర్తకులకు ఒక శాతంతో, మూడు నెలలకోసారి చెల్లింపుతో పోతుంది. కొనేవాళ్ల దగ్గర ఆ పన్ను వేరుగా వసూలు చేయకూడదు.

నోటీసు వచ్చినవాళ్లకు నిజంగా తలనొప్పి తెచ్చింది వేరే విషయం: కొట్టు క్యూఆర్‌కే చీటీ డబ్బులు, తమ్ముడు పంపిన చేబదులు, ఇంటద్దె అన్నీ రావడం. నాలుగేళ్ల తర్వాత ఏది అమ్మకమో ఏది కాదో నిరూపించాలంటే ఎవరి తరం? రేపే బ్యాంకులో వ్యాపారానికి ఒక కరెంట్ అకౌంటు తెరిచి, కౌంటరు క్యూఆర్ దానికే కట్టండి. ఆ ఖాతాలోకి ఇంటి డబ్బు రాకూడదు, నెలకొకసారి మీ జీతం అని ఒకే మొత్తం బయటికి వెళ్లాలి.

ప్రశ్న: ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు 2,500 అడుగుతున్నారు. అవసరమా? కంపెనీలకు మధ్యాహ్న భోజనం సప్లై చేస్తాను, ఒక కంపెనీ మూడు నెలలుగా డబ్బివ్వడం లేదు.

జవాబు: ఉద్యమ్ అంటే చిన్న సంస్థలకు కేంద్ర ప్రభుత్వ నమోదు, అది పూర్తిగా ఉచితం. ఆధార్, పాన్ ఉంటే ప్రభుత్వ పోర్టల్‌లో పావుగంట పని. డబ్బడిగేవి పోర్టల్ పోలికతో ఉన్న ప్రైవేటు సైట్లు.

మీకు ఇది తప్పకుండా కావాలి. ఉద్యమ్ ఉన్న చిన్న తయారీదారు, సేవలందించేవారికి కొనుగోలుదారు రాతపూర్వక ఒప్పందం ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడింతల చక్రవడ్డీ. పైగా గడువులో చెల్లించకపోతే, ఆ ఖర్చును చెల్లించేదాకా వాళ్లు ఆదాయపన్ను లెక్కలో చూపుకోలేరు. ఈ చివరి మాట అకౌంట్స్ విభాగానికి బాగా అర్థమవుతుంది. మార్చి మొదటి వారంలో ఉద్యమ్ సర్టిఫికెట్ జతచేసి ఒక మర్యాద మెయిల్ పెట్టండి. అప్పటికీ కదలకపోతే కేంద్ర ఎంఎస్ఎంఈ (చిన్న పరిశ్రమల) శాఖ పోర్టల్‌లో ఫిర్యాదు. అయితే నమోదుకు ముందు సప్లై చేసినదానికి ఈ రక్షణ అడగడం కష్టం, అందుకే ఇవాళే చేసుకోండి. కొని అమ్మే వర్తకులకు ఈ చెల్లింపుల రక్షణ వర్తించదు.

ప్రశ్న: ఐటీ ఉద్యోగం చేస్తున్నాను. వ్యాపారం నా భార్య పేరున పెట్టి, నడిచాక రాజీనామా చేద్దామని. ధైర్యం చాలడం లేదు.

జవాబు: ధైర్యం సంగతి తర్వాత, కాగితాలు ముందు. మీ నియామక పత్రంలో బయటి పని గురించి ఏం రాసిందో చదవండి. భార్య పేరున పెట్టినంత మాత్రాన సరిపోదు: మీరు బహుమతిగా ఇచ్చిన డబ్బే పెట్టుబడి అయితే దాని దామాషాలో లాభం మీ ఆదాయంలోనే కలిపి పన్ను వేస్తారు. ఆమె సొంత డబ్బు పెట్టాలి, లేదా తగిన వడ్డీతో రాతపూర్వక అప్పుగా ఇవ్వాలి. కుటుంబానికి సొంత ఆరోగ్య బీమా ఉద్యోగంలో ఉండగానే తీసుకోండి, ముందునుంచీ ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం అప్పుడే మొదలవుతుంది. నోటీసు పీరియడ్ 90 రోజులైతే దాన్ని కూడా వ్యాపారం ప్లానులో వేయండి.

రాజీనామాకు తేదీ పెట్టుకోకండి, అంకె పెట్టుకోండి. శనాదివారాల్లో అపార్ట్‌మెంట్ స్టాల్ పెట్టి కొన్నవాళ్ల ఫోను నంబర్లు రాసుకోండి. ఎనిమిది వారాల్లో రెండోసారి, మూడోసారి వచ్చి కొన్నవాళ్లెందరు? మెచ్చుకున్నవాళ్లు లెక్కలోకి రారు, స్నేహితులు అసలే రారు. ఇక సబ్సిడీ లోను ఆలోచన ఉంటే ఒక జాగ్రత్త: పీఎంఈజీపీ (కేంద్రం సబ్సిడీ లోను పథకం) కొత్త యూనిట్లకే. ముందు తెరిచేసి తర్వాత వెళ్తే కుదరదు. సబ్సిడీ కూడా చేతికి నగదుగా రాదు, బ్యాంకులో డిపాజిట్‌గా ఉండి తర్వాత అప్పులో సర్దుతారు. ‘ముందు పది శాతం ఇవ్వండి, సబ్సిడీ ఇప్పిస్తా’ అనేవాణ్ని అక్కడే వదిలేయండి.

ప్రశ్న: హెబ్బాళ దగ్గర చీరల షాపు తెరుస్తున్నాం. బోర్డు తెలుగులో పెట్టుకోవచ్చా?

జవాబు: పెట్టుకోవచ్చు, కానీ 2024లో సవరించిన చట్టం ప్రకారం బోర్డులో 60 శాతం కన్నడ ఉండాలి, అది పై సగంలో ఉండాలి. కింద ఇంగ్లిషు, తెలుగు మీ ఇష్టం. ఫ్లెక్సీ కొట్టించే ముందు డిజైన్‌ను కన్నడ చదువుకున్న మనిషికి చూపించండి. రెండు లిపులూ అక్కచెల్లెళ్లలా ఉంటాయి కాబట్టి, మన కంటికి సరిగ్గా కనబడే అక్షరం వాళ్లకు తప్పు. తెలుగు ఫాంటు పెట్టి కన్నడ అనుకొని ప్రింటు వేయించినవాళ్లున్నారు. తలకట్టు చూడండి: మనది పైకి లేచిన టిక్కు గుర్తులా ఉంటుంది, వాళ్లది అడ్డంగా సాగి చివర వంపు తిరుగుతుంది.